ఫొటోలోది మాండ్రిల్ కాదు, డ్రిల్

మీరు పంపిన ఫొటోలో కోతి నల్లటి ముఖం చూసి ‘రంగు వెలిసిన మాండ్రిలా, బబూనా?’ అని అడిగారు. రెండూ కాదు. అది డ్రిల్ అనే ఆఫ్రికా కోతి, రంగురంగుల ముఖముండే మాండ్రిల్‌కు దగ్గరి చుట్టం.

1. తోక పొట్టిగా, మొద్దులా ఉంది. బబూన్ తోక పొడవు.

2. అందరూ వదిలేసేది కింది పెదవి. ముఖం రంగు దగ్గరే ఆగిపోతారు, కానీ ఆడ మాండ్రిల్ ముఖమూ వెలవెలబోయే ఉంటుంది. ఫొటో పెద్దది చేయండి: పెదవి కింద ఎర్రటి గీత, నున్నటి నల్లని ముఖం చుట్టూ తెల్లటి వెంట్రుకలు. మగ డ్రిల్ ఇది! మాండ్రిల్ గడ్డం పసుపు.

3. పాత పుస్తకాలు డ్రిల్, మాండ్రిల్ రెండింటినీ బబూన్ల ప్రజాతి పాపియోలో చేర్చాయి, ఇప్పుడు వీటి ప్రజాతి మాండ్రిలస్. జన్యుపరంగా వీటికి దగ్గరివి సెర్కోసెబస్ ప్రజాతికి చెందిన మాంగబే కోతులు.

4. ఫొటో తీసిన చోటు కనుక్కోండి. కామెరూన్‌లో సనగా నదికి ఉత్తరాన డ్రిళ్లు, దక్షిణాన మాండ్రిళ్లు.