సమాధానం: వెల్డింగ్ రాడ్ ప్లేటుకే అతుక్కుంటుంది, చెయ్యి ఎట్ల కుదురుతది?

తమ్మీ, ఐటీఐ అయినంక మిర్యాలగూడల వెల్డింగ్ షాపుల జేరినవ్, రాడ్ అంటియ్యంగనే అతుక్కుంటుంది, ఓనర్ గేటు పని ముట్టనిస్తలేడు అని రాసినవ్ గదా. ముందుగాల కరెంట్ జూడు, 3.15 ఎంఎం మందమున్న 6013 రకం (మామూలు ఇనుము పనికి వాడేది) రాడ్‌కు 100-120 ఆంపియర్లు పెట్టు, రాడ్ చెమ్మ పట్టిందేమో గూడ జూసుకో. మిగిలిందంత చెయ్యే. మీ దిక్కు రైస్ మిల్లులు మస్తు, స్క్రాప్‌కు కరువా, పట్టీ ముక్కలు తెచ్చుకొని సుద్దతోని గీతలు గీసి రోజూ గీత మీదనే బీడ్ (రాడ్ కరిగి పడే అతుకు గీత) కొట్టు, రాడ్ కరిగి పొట్టిగైతాంటె చెయ్యి గూడ కిందికి దిగాలె, మొనకు ప్లేటుకు నడుమ సందు రాడ్ మందమంతనే ఉండాలె, అసలు కష్టం గదే. ప్రతిసారి స్లాగ్ (బీడ్ మీద గట్టిపడే పెంకు) కొట్టి బ్రష్ వెట్టి జూడు, బీడ్ కుప్పవడితె కరెంట్ తక్కువ, బీడ్ పక్కన ప్లేటు అంచు కోసుకపోతె ఎక్కువ. చూడకుంట ఎన్ని కొట్టినా దండుగనే. మాస్క్ లేకుంట మాత్రం ఒక్కటి గూడ కొట్టకు.