స్ప్రే కొట్టించిన పది రోజులకే నల్లులు మళ్ళీ వస్తున్నాయంటే

పాత టేకు మంచం, ఒక్కసారి స్ప్రే కొట్టించాం, పది రోజులకే నల్లులు మళ్ళీ వచ్చాయి, ఏం చెయ్యాలని మీరు అడిగారు. అవి చాలావరకు కొత్తగా బయట నుంచి వచ్చినవి కావండి, మిగిలిపోయిన గుడ్లలోంచి వచ్చినవి. స్ప్రేకి పెద్ద నల్లులు చస్తాయి గాని గుడ్లు చాలావరకు చావవు, 6 నుంచి 10 రోజుల్లో పిల్లలయి బయటికొస్తాయి. మీరు ఒక్కసారే కొట్టించి వదిలేశారన్నారు కదా, అక్కడే తేడా వచ్చింది. చాలామంది వదిలేసేది ఆ రెండోసారి స్ప్రేనే.

1. మంచం మొత్తం విప్పండి. మీది పాత టేకు మంచం అన్నారు కాబట్టి పట్టీలు కోళ్ళలోకి దిగే కన్నాలు, మేకుల సందులు, పరుపు అంచు కుట్లు టార్చి వేసి చూడండి, నల్లటి చుక్కలుంటే గూడు అదే. మంచం కన్నాల్లో, సందుల్లో సలసల మరిగిన నీళ్ళు పొయ్యండి, వేడికి గుడ్లు కూడా చస్తాయి. మా విజయనగరం ఇంట్లో నవారు మంచానికి మా అమ్మ ఇదే చేసీది, నవారు విప్పీసి వేడినీళ్ళలో నానబెట్టీది.

2. దుప్పట్లు, గలీబులు వేడినీళ్ళలో ఉతకండి. ఉత్తినే ఎండలో వేస్తే చాలదు, నీడవైపు మడతల్లోకి పోయి దాక్కుంటాయి.

3. మొదటి స్ప్రే కొట్టించిన 10 నుంచి 14 రోజుల మధ్య మళ్ళీ స్ప్రే, ఒక్కటీ కనపడకపోయినా సరే కొట్టించండి. ఆ పిల్లలు పెద్దవయి గుడ్లు పెట్టకముందే అయిపోవాలి.

గది ఖాళీగా వదిలేసి ఊరెళ్తే చస్తాయనుకోకండి, తిండి లేకుండా నెలలు బతుకుతాయి. కిరసనాయిలు మాత్రం వద్దండి, చిన్నపిల్లలు తిరిగే ఇల్లయితే మరీను, నిప్పంటుకుంటుంది.