సూదికి ముందు థర్మామీటరు: పశువులకు యాంటీబయాటిక్ ఎప్పుడు వేయాలి, ఎప్పుడు వద్దు?

ప్రశ్న: మాకు 4 పాడి గేదెలు, 3 సంకరజాతి ఆవులు ఉన్నాయి. పశువులకు యాంటీబయాటిక్స్ తగ్గించాలని అవగాహన సదస్సులో చెప్పారు. పొదుగు వాపు వచ్చినా, దూడలు పారుకున్నా మందు వేయకుండా ఊరుకుంటే పశువు దక్కుతుందా? పోయిన నెలలో ఒక ఆవుకు జ్వరం వచ్చి కుంటుతుంటే, ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ 2 రోజులు వేశాం. మూడో రోజుకు లేచి మేత మేసింది. పనిచేసే మందును ఎందుకు వద్దంటున్నారు?

జవాబు: ముందు మీ ఆవు సంగతి చూద్దాం. ఉన్నట్టుండి జ్వరం, కాసేపు ఒక కాలు కాసేపు ఇంకో కాలు కుంటడం, మూడో రోజుకు తేరుకోవడం ఇవన్నీ మూడు రోజుల జ్వరం లక్షణాల్లాగే ఉన్నాయి. కుట్టే కీటకాలు మోసుకొచ్చే వైరస్ వల్ల వచ్చే జబ్బు ఇది. చాలా పశువుల్లో మందు వేసినా వేయకపోయినా మూడో రోజుకు దానంతటదే తగ్గుతుంది. అంటే ఆవు తనంతట తానే కోలుకుంది, పేరు మాత్రం మీ సూదికి వచ్చింది. దీనికి కావలసింది జ్వరం, నొప్పి తగ్గించే మందు, నీడ, నీళ్లు. పశువు పడిపోతే డాక్టరు కాల్షియం ఎక్కిస్తారు. ఈ జ్వరంలో మింగే శక్తి తగ్గుతుంది కాబట్టి గొట్టంతో నోట్లో మందు పోయకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

యాంటీబయాటిక్ చంపేది బ్యాక్టీరియానే. గాలికుంటు, ముద్దచర్మ వ్యాధి వైరస్‌వి. వాటిలో పుండ్లు చీము పట్టినప్పుడో, న్యుమోనియా తోడైనప్పుడో మాత్రమే యాంటీబయాటిక్ పని ఉంటుంది. గొంతువాపు, జబ్బవాపు అలా కాదు. అవి బ్యాక్టీరియావి, వాటిలో కొన్ని గంటల ఆలస్యం కూడా పశువు ప్రాణం తీస్తుంది. ఏటా నవంబరు 18 నుంచి 24 వరకు యాంటీబయాటిక్ వాడకం మీద ప్రపంచమంతా జరిగే అవగాహన వారంలో చెప్పేది ఈ తేడా గురించే. పోస్టరు మీద మాత్రం ‘తగ్గించండి’ అన్న ఒక్క మాటే పడుతుంది, వినేవాళ్లకు అది ‘మానేయండి’ అని వినిపిస్తుంది.

ఎప్పుడు ఆగవచ్చో, ఎప్పుడు డాక్టరును పిలవాలో తెలియాలంటే ఇంట్లో థర్మామీటరు ఉండాలి. మలద్వారంలో పెట్టి, కొన పక్క గోడకు ఆనేలా 2 నిమిషాలు ఉంచండి. పేడ ముద్దలో గుచ్చుకుంటే తక్కువ చూపిస్తుంది. పెద్ద పశువుకు 101 నుంచి 102 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలే. మధ్యాహ్నం ఎండలో నిలబడిన గేదెకు 103 ఉన్నా కంగారుపడకండి, నీడలో గంటసేపు ఉంచి మళ్లీ చూడండి.

ఇక పొదుగు వాపు. అవసరం లేకుండా మందు ఎక్కువగా పోయేది ఇక్కడే. పితికే ముందు ప్రతి చనుకట్టు నుంచి మొదటి 3, 4 ధారలు నల్లటి పలక మీద పిండి చూడండి. ముక్కలు, నీళ్లలాంటి పాలు కనిపించినా, పొదుగు మెత్తగా ఉండి పశువు మేస్తూ జ్వరం లేకుండా ఉంటే అది తేలికపాటి వాపు. ఇందులో పాల నమూనా పరీక్ష ఫలితం కోసం ఒక రోజు ఆగినా సాధారణంగా నష్టం ఉండదు. ఈ.కోలై అనే బ్యాక్టీరియా వల్ల వచ్చిన తేలికపాటి వాపు చాలావరకు చనుమొనలోకి ఎక్కించే యాంటీబయాటిక్ ట్యూబు లేకుండానే తగ్గుతుంది. ఈస్టు అనే శిలీంధ్రం వల్ల వచ్చిందైతే యాంటీబయాటిక్ అసలు పనిచేయదు. పైగా చనుమొన శుభ్రం చేయకుండా ట్యూబు ఎక్కించడం వల్లే ఈస్టు లోపలికి పోవచ్చు.

నమూనా మందు వేయకముందే తీయాలి. చనుమొన కొనను 70 శాతం స్పిరిట్ దూదితో, దూదికి మురికి అంటనంత వరకు తుడవండి. మొదటి ధారలు పారబోసి, శుభ్రమైన సీసాను ఏటవాలుగా పట్టుకుని 5 మి.లీ. పట్టి, ఐసులో పెట్టి పంపండి. సీసాను నిటారుగా పడితే పొదుగు మీది దుమ్ము అందులో రాలి ఫలితం తప్పుతుంది.

పొదుగు రాయిలా గట్టిపడి, జ్వరం వచ్చి, మేత మానేస్తే పరీక్ష కోసం ఆగకండి, వెంటనే డాక్టరును పిలవండి. పైకి కనిపించని వాపు ఉన్నట్టు పరీక్షలో తేలితే, పాలిచ్చే పశువుకు సాధారణంగా ట్యూబులు వేయరు. పాలు ఆపేటప్పుడు, చివరిసారి పితికాక ఎక్కిస్తే మందు ఎక్కువ రోజులు లోపల నిలిచి బాగా పనిచేస్తుంది. రాకుండా ఆపాలంటే, పితికిన వెంటనే చనుమొనలను 0.5 శాతం అయోడిన్ ద్రావణంలో ముంచండి. తర్వాత మేత వేసి అరగంట నిలబడి ఉండేలా చూడండి. చనురంధ్రం మూసుకోవడానికి ఆ సమయం పడుతుంది.

దూడల పారుడులో సగం పోరాటం నీళ్లదే. మొదటి 3, 4 రోజుల్లో వచ్చేదానికి ఈ.కోలై కారణం కావచ్చు. తర్వాతి వారాల్లో రోటా వైరస్, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి, గేదె దూడల్లో ఏలికపాములు. వీటిలో యాంటీబయాటిక్‌కు లొంగేది ఒక్క ఈ.కోలైనే. పాలు మాన్పకండి. పాలకూ పాలకూ మధ్య గోరువెచ్చని ఎలక్ట్రోలైట్ (లవణాలు కలిపిన) నీళ్లు రోజుకు రెండు మూడు సార్లు పట్టండి. మెడ మీద చర్మం పట్టి వదిలితే 2 సెకన్లకు మించి మడత నిలిచినా, కళ్లు లోపలికి పోయినా, చీకడం మానేసినా, జ్వరం లేదా పేడలో రక్తం ఉన్నా డాక్టరు చూడాల్సిందే. ఈనిన 2 గంటల్లోపు ముర్రుపాలు తాగించడం మరవకండి. 30 కిలోల దూడకు 12 గంటల్లో మొత్తం 3 లీటర్లు పడాలి.

మందు వేయక తప్పనప్పుడు బరువును కంటి అంచనాతో చెప్పకండి. ఛాతీ చుట్టుకొలతను దానితోనే గుణించి, వచ్చినదాన్ని భుజం నుంచి తోక మొదలు పక్కనుండే పిరుదు ఎముక వరకు ఉన్న పొడవుతో గుణించి, 10,840తో భాగించండి. కొలతలు సెంటీమీటర్లలో ఉండాలి. ఛాతీ 180, పొడవు 140 అయితే సుమారు 418 కిలోలు. ఈ పశువును 300 కిలోలనుకుని మందు వేస్తే, బలహీనమైన సూక్ష్మజీవులు చచ్చి, మందుకు లొంగని మొండివి మిగులుతాయి. డాక్టరు చెప్పిన రోజులు పూర్తిగా వేయండి. సెఫ్ట్రియాక్సోన్, ఎన్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ మనుషులకూ అత్యవసరమైన కోవలోవి, వాటిని మొదటి మందుగా మీరే అడిగి వేయించుకోకండి.

ఒక్క చనుకట్టులో ట్యూబు వేసినా, పాలు వాడకూడదని లేబులు మీద రాసిన గడువు తీరేదాకా నాలుగింటి పాలూ వేరుపెట్టాలి. మందు రక్తంలో కలిసి మిగతా మూడింటిలోకీ వస్తుంది, కాచినా పూర్తిగా పోదు. పాలు తోడుకోకపోవడానికి ఒక కారణం ఇదే. ఆ పాలు దూడలకూ పట్టకండి.

నెదర్లాండ్స్‌లో 2009 తర్వాత మూడేళ్లలోనే పశువుల యాంటీబయాటిక్ అమ్మకాలు దాదాపు సగానికి పడిపోయాయి. అక్కడ ప్రచారంతో సరిపెట్టలేదు, ఏ ఫారంలో ఎంత మందు వాడారో లెక్క రాయించి, ఒకరితో ఒకరిని పోల్చి చూపించారు. మీరూ ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, పశువు, జ్వరం ఎంత, ఏ మందు, ఎన్ని మి.లీ., పాలు మళ్లీ కలిపిన రోజు రాయండి. ఏడాది చివర చూస్తే ఏ గేదె మాటిమాటికీ పొదుగు వాపు తెచ్చుకుంటోందో కనిపిస్తుంది. ఆ గేదెకు ఇంకో ట్యూబు ఎక్కించాలా, మంద నుంచి తీసేయాలా అన్నది అప్పుడు డాక్టరుతో మాట్లాడండి.

ఇంట్లో మిగిలిన ఆ సీసాను మాత్రం పెంటకుప్పలోనో కాలువలోనో పారబోయకండి. పశువైద్యశాలకు తీసుకెళ్లి, సరైన పద్ధతిలో పారవేయమని ఇవ్వండి.