చించిల్లాను ఇంటికి తెచ్చుకునే ముందు

చిరంజీవి అమ్మలూ,

చించిల్లాను, అదే ఆ ఒత్తు బొచ్చున్న ఎలుక జాతి బుజ్జి జీవాన్ని, కొనడానికి ఈ వారమే పెట్ షాపుకి వెళ్తున్నానని రాశావు. వెళ్ళు, కానీ పగటి పూట మాత్రం వెళ్ళకు. అవి పగలంతా పడుకుని పొద్దువాలాక లేచే జీవాలు. మధ్యాహ్నం చూస్తే ఆరోగ్యంగా ఉన్నదీ, జబ్బుతో ముడుచుకున్నదీ ఒకేలా మూలన ఉండలా కనిపిస్తాయి. సాయంత్రం షాపు మూసేలోపు వెళ్ళి, బోను దగ్గర ఒక అరగంట ఊరికే నిలబడు. బాగున్నది చెవులు నిక్కించి, గెంతుతూ, నిన్ను చూడటానికి కమ్మీల దాకా వస్తుంది. చీకటి పడుతున్నా కదలనిదాన్ని వదిలెయ్.

నా మొదటి చించిల్లాను నేను ముఖం చూసి తెచ్చుకున్నాను. గడ్డం కింద బొచ్చు తడిసి పాయలుగా అతుక్కుపోయి ఉంది. "ఇప్పుడే నీళ్ళు తాగిందండీ" అన్నాడు షాపతను. నమ్మేశాను. మూడో రోజుకీ ఆ తడి ఆరలేదు. అది నీళ్ళు కాదు, చొంగ. గడ్డిపరక నోట్లో పెట్టుకునేది, రెండుసార్లు నమిలి వదిలేసేది, ముందుకాలితో మూతి తుడుచుకునేది. మళ్ళీ అదే పరక అందుకునేది. డాక్టరు ఎక్స్‌రే తీస్తే, దంతాల వేర్లు దవడ ఎముకలోకి పొడుచుకుపోయి ఉన్నాయి. ఐదు నెలలు బతికింది. ఆకలేస్తున్నా తినలేక అది మూతి తుడుచుకోవడం నాకింకా కళ్ళకు కట్టినట్టే ఉంది.

అందుకే ముందు నోరు చూడు. వాటి పళ్ళు బతికున్నన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్ళయితే ఏడాదికి 5 సెంటీమీటర్ల పైనే. గడ్డి నమిలి అరగదీసుకోవాలి, లేకపోతే వంకరపోతాయి. పై పెదవి కొంచెం ఎత్తి చూపించమను. పెద్దదానికి పళ్ళు నారింజ రంగులో ఉండాలి, పిల్లకు ఇంకాస్త లేతగా ఉంటాయి. మనలా తెల్లగా ఉంటే మంచివనుకునేవు! ఎదిగినదానికి తెల్లగా ఉంటే కాల్షియం తక్కువైందేమోనని అనుమానించాలి. తర్వాత కింది దవడ అంచు వెంట వేలితో మెల్లగా నిమురు. గుండ్రాయిలా నున్నగా తగలాలి. బుడిపెలు తగిలాయంటే వేర్లు దిగుతున్నట్టే. ఒక కన్ను మాటిమాటికీ నీరు కారుతున్నా అనుమానం పళ్ళ మీదే పెట్టుకో. ఈ పళ్ళ జబ్బు తల్లిదండ్రుల నుంచీ రావచ్చు, కాబట్టి అదే ఈతలో పుట్టినవాటినీ వద్దను.

నోరు తర్వాత బోను అడుగుభాగం చూడు. పెంటికలు పొడుగ్గా, గట్టిగా, పొడిగా, దాదాపు ఒకే సైజులో ఉండాలి. మెత్తగా అంటుకుపోతున్నా, బాగా చిన్నవై అక్కడొకటీ ఇక్కడొకటీ ఉన్నా పొట్ట బాగాలేదన్నమాట. తోక కింద బొచ్చు శుభ్రంగా ఉండాలి.

బొచ్చు సంగతికొస్తే, ఒక్కో కుదురులోంచి 60 దాకా వెంట్రుకలు వస్తాయి, చర్మం కనపడనంత ఒత్తు. ముక్కు, కళ్ళు, పాదాల చుట్టూ బొచ్చు ఊడి పొక్కు కట్టినట్టుంటే తామర కావచ్చు, అది నీకూ అంటుతుంది. డొక్కల దగ్గర కత్తిరించినట్టుంటే తనో, తోటిదో కొరికినట్టు. ఒకచోట మాత్రం నున్నగా ఊడి ఉంటే కంగారుపడకు, గట్టిగా పట్టుకున్నప్పుడు అవి బొచ్చు వదిలేసి తప్పించుకుంటాయి. అది మళ్ళీ వస్తుంది. కాకపోతే అక్కడివాళ్ళు వాటిని ఎలా పట్టుకుంటున్నారో దాన్నిబట్టి తెలుస్తుంది.

వయసు రెండు నెలలు దాటిందా, ఇన్నాళ్ళూ ఎవరితో కలిపి ఉంచారు అని తప్పకుండా అడుగు. ఆడదానికీ మూత్రం పోసే చోట చిన్న మొనలాంటిది ఉంటుంది కాబట్టి షాపుల్లో మగదనుకుని పొరబడతారు. మగదాంతో ఉన్న ఆడదాన్ని తెచ్చుకుంటే, 111 రోజుల్లోపు ఒకరోజు బోనులో పిల్లలు కనిపించవచ్చు.

ఏం పెడుతున్నారో కూడా చూడు. బోనులో ఎండుగడ్డి లేకుండా గింజలూ కిస్మిస్‌లూ కలిపిన గిన్నె ఒక్కటే ఉంటే, ఆ షాపులో దేన్నీ కొనకు. అంతా బాగుంటే వాళ్ళు పెట్టే పెల్లెట్లే, అంటే గుళికల మేతే, వారానికి సరిపడా తెచ్చుకో, తిండి ఒక్కసారిగా మారిస్తే పొట్ట తట్టుకోదు.

జబ్బుదాన్ని చూస్తే నీకు జాలేస్తుంది, నీ సంగతి నాకు తెలుసు. డాక్టరుకు చూపించమని షాపువాళ్ళకు గట్టిగా చెప్పు, కానీ మొదటిసారే దాన్ని నువ్వు తెచ్చుకోకు. బాగున్నదాన్ని తెచ్చుకుంటే 15 ఏళ్ళు, కొన్ని 20 దాకా నీతో ఉంటాయి. గది 25 డిగ్రీలు దాటకుండా చూడగలవో లేదో ముందే తేల్చుకో, వాటికి చెమట పట్టదు, వేడికి చెవులు ఎర్రబడి కూలబడిపోతాయి. చించిల్లాలను చూసే డాక్టరును కూడా కొనకముందే వెతికి పెట్టుకో.

ఇంటికి తెచ్చిన రోజే వంటింటి కాటా మీద తూచి కాగితం మీద రాసి పెట్టు, ఆ తర్వాత వారం వారం తూచు. తిండి తగ్గిందని నీ కంటికి తెలియకముందే బరువు చెబుతుంది. ఆ మొదటి అంకె ఎంతో నాకూ రాయి.

ప్రేమతో,
మీ పెద్దమ్మ