లింక్-లోకల్ అనే పేరు ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రశ్న: మా ల్యాబ్‌లో ఉబుంటు సిస్టమ్ మీద నెట్‌వర్క్ దారుల పట్టిక చూపే రూట్ (route) కమాండ్ కొడితే ఒక వరుసలో లింక్-లోకల్ అని పేరు వస్తోంది. ఐపీ రూట్ కొడితే అదే చోట 169.254.0.0 అని అంకెలు వస్తున్నాయి. ఆ పేరు ఎక్కడిది సార్? సి ప్రోగ్రామ్‌లో దాన్ని చదవాలంటే ఫైల్‌ని ఎఫ్‌ఓపెన్ చేసి ముక్కలు చేసుకుంటే సరిపోదా?
– బీటెక్ విద్యార్థిని, హన్మకొండ

జవాబు: ఈటీసీ ఫోల్డర్‌లో నెట్‌వర్క్స్ అనే చిన్న ఫైల్ ఉంటుంది, ఒకసారి క్యాట్ కొట్టి చూడు చెల్లె. ఒక్కో లైన్‌లో ముందు పేరు, తర్వాత నెట్‌వర్క్ నంబర్, ఉంటే మారుపేర్లు. రూట్ కమాండ్ అక్కడి నుంచే ఆ పేరు తెచ్చింది. మైనస్ ఎన్ పెట్టి కొడితే పేర్ల జోలికి పోకుండా అంకెలే చూపిస్తుంది.

ఎఫ్‌ఓపెన్‌తో నీ సిస్టమ్ మీద పని నడుస్తుంది, కాదనను. కానీ పేర్లు ఆ ఫైల్‌లోనే ఉండాలని రూలేం లేదు. ఈటీసీలోనే ఎన్‌ఎస్‌స్విచ్ డాట్ కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైల్‌లో నెట్‌వర్క్స్ అనే లైన్ ఉంటుంది, ముందు ఫైల్ చూడాలా, డీఎన్ఎస్‌ని అడగాలా, ఎల్‌డాప్ అనే డైరెక్టరీ సర్వర్‌కు పోవాలా అన్నది అక్కడ రాసి ఉంటుంది, లైబ్రరీ ఫంక్షన్లు దాన్ని చూసి నడుచుకుంటాయి, నీ ఎఫ్‌ఓపెన్‌కు అదేమీ తెలియదు.

నెట్‌డీబీ డాట్ హెచ్ హెడర్ కలుపుకొని గెట్‌నెట్‌ఎంట్‌ని పిలిస్తే పిలిచినప్పుడల్లా ఒక్కో ఎంట్రీ ఇస్తుంది, అన్నీ అయిపోయాక నల్ ఇస్తుంది. మళ్లీ మొదటి నుంచి కావాలంటే సెట్‌నెట్‌ఎంట్, మూసేయడానికి ఎండ్‌నెట్‌ఎంట్. ఒక్క పేరే కావాలంటే లూప్ ఎందుకు, గెట్‌నెట్‌బైనేమ్ ఉంది. నంబర్ తెలిసి పేరు కావాలంటే గెట్‌నెట్‌బైఅడ్ర్.

ఇక్కడ అందరూ బోల్తాపడేది ఆ ఎంట్రీలో నెట్‌వర్క్ నంబర్ ఉండే ఎన్_నెట్ దగ్గర. అందులోని నంబర్ హోస్ట్ బైట్ ఆర్డర్‌లో, అంటే నీ మెషిన్ బైట్లు పేర్చుకునే వరుసలో ఉంటుంది. దాన్ని నెట్‌వర్క్ వరుసకు మార్చే హెచ్‌టీఓఎన్ఎల్ చేయకుండా తిన్నగా చుక్కల అడ్రస్‌గా మార్చే ఇనెట్_ఎన్‌టోవాకి ఇస్తే ఇంటెల్ మెషిన్ మీద 169.254.0.0 బదులు 0.0.254.169 అని ప్రింట్ అవుతుంది.

ఇంకో సంగతి, ఇవి 1983 నాటి 4.2 బీఎస్‌డీలో వచ్చిన ఫంక్షన్లు. అప్పటికి నెట్‌వర్క్ అంటే క్లాస్ ఏ, బీ, సీ అంతే, మాస్క్‌తో నెట్‌వర్క్‌ని కావాల్సిన సైజులో విడగొట్టే సీఐడీఆర్ పద్ధతి వచ్చింది 1993లో. అందుకే గెట్‌నెట్‌ఎంట్ ఇచ్చే స్ట్రక్చర్‌లో మాస్క్‌కు చోటే లేదు, స్లాష్ 26 లాంటి సబ్‌నెట్‌ని ఆ ఫైల్‌లో రాయలేం. ఐపీవీ6 సంగతి అసలే లేదు. పరీక్షకు, పాత కోడ్ చదవడానికి నేర్చుకో, కొత్త ప్రాజెక్టులో మాత్రం దీని మీద ఆధారపడకు.

ప్రశ్న: సర్వీస్ పేరు ఇస్తే పోర్ట్ చెప్పే గెట్‌సర్వ్‌బైనేమ్‌తో ఎస్ఎస్‌హెచ్ పోర్ట్ అడిగితే 22 రావాల్సింది 5632 వస్తోంది. పైగా ఎస్ఎస్‌హెచ్, హెచ్‌టీటీపీ రెండూ అడిగి రెండు పాయింటర్లు దాచుకుంటే రెండింట్లోనూ హెచ్‌టీటీపీనే కనిపిస్తోంది. టెన్షన్‌గా ఉంది.
– ఉద్యోగి, మడికొండ

జవాబు: టెన్షన్ ఎందుకన్నా, రెండూ మామూలు విషయాలే. ఫలితంలో పోర్ట్ నంబర్ ఉండే ఎస్_పోర్ట్ నెట్‌వర్క్ బైట్ ఆర్డర్‌లో వస్తుంది. 22లోని రెండు బైట్లు అటూ ఇటూ అయితే సరిగ్గా 5632. దాన్ని హోస్ట్ ఆర్డర్‌కు మార్చే ఎన్‌టీఓహెచ్ఎస్ చుట్టండి. పై ప్రశ్నలో ఎన్_నెట్ హోస్ట్ ఆర్డర్, ఇక్కడ ఎస్_పోర్ట్ నెట్‌వర్క్ ఆర్డర్, రెండూ ఒకే హెడర్‌లో! ఎవరి ఆలోచనో గానీ నలభై ఏళ్లుగా జనం భరిస్తున్నారు.

రెండోది. ఈ ఫంక్షన్లు ఇచ్చే పాయింటర్ లైబ్రరీ సొంత స్టాటిక్ మెమరీలోకి చూస్తుంది, మళ్లీ పిలిస్తే అదే చోట కొత్తది రాస్తుంది. ఎనుమాముల మార్కెట్‌లో ధరల బోర్డు లాంటిదే, నిన్నటి మిర్చి రేటు కావాలంటే నిన్ననే కాగితం మీద రాసుకోవాలి. స్ట్రక్చర్‌ని ఈక్వల్ టుతో కాపీ చేసుకున్నా చాలదు, లోపలి పేరు పాయింటర్ ఇంకా ఆ పాత చోటికే చూస్తుంటుంది, పేరును వేరే మెమరీలోకి నకలు తీసే స్ట్రడప్ చేసుకోవాలి. థ్రెడ్లు ఉంటే చివర _ఆర్ ఉన్న రకం వాడండి, బఫర్ మీరే ఇస్తారు. కాకపోతే లైనక్స్‌లో, సోలారిస్‌లో దాని ఆర్గ్యుమెంట్లు వేరు.

ప్రశ్న: హోస్ట్ పేరుకు ఐపీ అడ్రస్ తెచ్చే గెట్‌హోస్ట్‌బైనేమ్ వాడొచ్చా?
– కాజీపేట పాఠకుడు

జవాబు: వద్దు. యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణమైన పోజిక్స్ 2008లోనే తీసేశారు. గెట్‌అడ్ర్‌ఇన్ఫో వాడండి, ఐపీవీ6 కూడా వస్తుంది. ఫలితం మీ సొంతం కాబట్టి పనయ్యాక ఫ్రీఅడ్ర్‌ఇన్ఫో చేయడం మర్చిపోవద్దు.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో బాగా నడిచే గెట్‌నెట్‌బైనేమ్ ప్రోగ్రామ్ ఆల్పైన్ లైనక్స్ కంటెయినర్‌లో ఎప్పుడూ నల్ ఇస్తోంది. ఫైల్ మాత్రం ఉంది.
– కరీంనగర్ పాఠకురాలు

జవాబు: మీ కోడ్ తప్పు కాదు మేడమ్. ఉబుంటులో ఉండేది గ్లిబ్‌సీ, ఆల్పైన్‌లో ఉండేది మజిల్ అనే మరో సి లైబ్రరీ. లింక్ ఎర్రర్ రాకూడదని మజిల్‌లో ఈ ఫంక్షన్ పేరుకు ఉంది, లోపల చేసేదల్లా నల్ ఇవ్వడమే. ఎన్‌ఎస్‌స్విచ్ ఫైల్‌ని కూడా అది ఇందుకోసం చూడదు. గెట్‌నెట్‌ఎంట్‌దీ అదే కథ. గెట్‌సర్వ్‌బైనేమ్ మాత్రం పనిచేస్తుంది. కాబట్టి కంటెయినర్‌ని డెబియన్ ఇమేజ్‌కు మార్చండి, ఆల్పైనే కావాలంటే హన్మకొండ చెల్లెకు వద్దన్న ఎఫ్‌ఓపెన్ పద్ధతే మీకు దిక్కు.