నలుగురిలో మాట్లాడటానికి జంకే నేను ఉపాధ్యాయ వృత్తిలో రాణించగలనా?

ప్రశ్న: నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. గణితం నాకు ఇష్టమైన సబ్జెక్టు. బోధన రంగంలో స్థిరపడాలని ఉంది. అయితే నలుగురిలో మాట్లాడాలంటే జంకు. మాటకారులే మంచి ఉపాధ్యాయులు అవుతారని ఇంట్లో అంటున్నారు. సబ్జెక్టు పరిజ్ఞానంతో పాటు ఈ వృత్తికి ఎలాంటి వ్యక్తిగత నైపుణ్యాలు కావాలి? అవి నేర్చుకుంటే వచ్చేవేనా?

జవాబు: మీ ఇంట్లోవారు చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. ఉపాధ్యాయుడి మాట వెనుక వరుసలో కూర్చున్న విద్యార్థికి కూడా స్పష్టంగా అందాలి. ఒక విధంగా చెబితే అర్థం కానప్పుడు మరో విధంగా చెప్పగలగాలి. అంతమాత్రాన అనర్గళంగా మాట్లాడటమే ఈ వృత్తికి ప్రధాన అర్హత అనుకోవడం పొరపాటు. ఎదుట కూర్చున్న విద్యార్థి ఎలా ఆలోచిస్తున్నాడో పట్టుకోగలగడమే బోధనకు మూలాధారమని నా దృఢమైన అభిప్రాయం. సలహా కోసం వచ్చేవారిలో తాము ఎంత బాగా చెప్పగలరో వివరించేవారు చాలామంది ఉంటారు. ఎంత ఓపికగా వినగలరో ఆలోచించుకుని వచ్చేవారు అరుదు.

మీ సబ్జెక్టులోంచే ఒక ఉదాహరణ తీసుకుందాం. 0.35, 0.5లలో ఏది పెద్దది అని అడిగితే ఒక విద్యార్థి 0.35 అన్నాడనుకోండి. తప్పని చెప్పి, సరైన జవాబు రాయించి ముందుకు వెళ్లడానికి అర నిమిషం కూడా పట్టదు. విద్యార్థి తలూపుతాడు, రాసుకుంటాడు, మర్నాడు 0.125, 0.4 ఇస్తే మళ్లీ 0.125 వైపే మొగ్గుతాడు. అలా కాకుండా, అదే ఎందుకు పెద్దదనిపించిందని అడిగి అతడు చెప్పడం పూర్తయ్యేదాకా ఆగితే, ‘ముప్ఫై అయిదు అయిదు కంటే పెద్దది కదా’ అంటాడు. అతడు అజాగ్రత్తగా ఏమీ లేడని, పూర్ణసంఖ్యలలో ఇన్నేళ్లూ పనికొచ్చిన నియమాన్నే దశాంశ బిందువు తరువాత కూడా నమ్ముకున్నాడని అప్పుడు తెలుస్తుంది. ఇక్కడ 0.5 పక్కన సున్నా చేర్చి 0.50గా రాయిస్తే ఆ ఒక్క లెక్క సరిపోతుంది గానీ, అంకెలను పూర్ణసంఖ్యల్లా చదివే అలవాటు అలాగే ఉండిపోతుంది. దానికి బదులు ఒకే పొడవున్న రెండు కాగితపు పట్టీలను పదేసి సమభాగాలు చేయించి, ఒకదానిలో అయిదు భాగాలకు, రెండోదానిలో మూడున్నర భాగాలకు రంగు వేయిస్తే ఏది పెద్దదో అతడి కళ్లే చెబుతాయి. ఇదంతా పది నిమిషాల పని. దానికి కావలసింది వాక్చాతుర్యం కంటే ఆ తప్పు వెనుక ఒక కారణం ఉంటుందన్న నమ్మకం, దాన్ని వెతికే కుతూహలం.

సబ్జెక్టు తెలియడం వేరు, దాన్ని నేర్పడానికి కావలసిన జ్ఞానం వేరు అనే విషయాన్ని అమెరికన్ విద్యావేత్త లీ షుల్మన్ 1986లో స్పష్టంగా ప్రతిపాదించారు. ఒక పాఠంలో విద్యార్థులు ఎక్కడ తడబడతారు, ఏ ముందస్తు అభిప్రాయాలతో తరగతికి వస్తారు, వాటికి ఏ ఉదాహరణ సరిపోతుంది అనేవి ఆ రెండో రకం జ్ఞానంలోకి వస్తాయి. గణితంలో దిట్ట అయిన మీకు ఇక్కడే ఒక హెచ్చరిక అవసరం. 1990లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ జరిపిన ప్రయోగంలో కొందరు అందరికీ తెలిసిన పాటల దరువును బల్లపై వేళ్లతో కొట్టారు. వినేవారిలో సగం మందైనా పాటను గుర్తుపడతారని కొట్టినవారు అంచనా వేశారు. కానీ 120 పాటల్లో సరిగా గుర్తుపట్టినవి మూడే. కొట్టేవారికి మనసులో పాట మొత్తం వినిపిస్తూ ఉంటుంది, వినేవారికి చేరేది మాత్రం టకటక శబ్దమే. మీకు తేలికగా కనిపించే మెట్టు విద్యార్థికి ఎందుకు ఎత్తుగా ఉందో ఊహించడం ప్రయత్నపూర్వకంగా అలవరచుకోవలసిన నైపుణ్యం.

ప్రశ్న అడిగాక ఆగడం కూడా అలాంటిదే. ఉపాధ్యాయులు ప్రశ్న వేసిన తరువాత సగటున ఒక సెకను మాత్రమే ఆగి, తామే జవాబు చెప్పడమో మరొకరిని అడగడమో చేస్తారని అమెరికన్ విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో తన పరిశోధనలో గమనించారు. ఆ నిరీక్షణను మూడు సెకన్లకు పెంచితే విద్యార్థుల జవాబులు నిడివిలోనూ ఆలోచనలోనూ మెరుగయ్యాయి, జవాబు రాని సందర్భాలు తగ్గాయి. మూడు సెకన్ల మౌనం చాలా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ముప్ఫై మంది చూస్తుండగా ఆ మౌనాన్ని భరించడం మాటకారులకు ఎంత కష్టమో చెప్పలేను. మితభాషి అయిన మీకు ఇది కొంత సులువుగా అబ్బవచ్చు.

తరగతిని అదుపులో ఉంచడం గురించి మీరు అడగలేదు. కానీ జంకు ఉన్నవారందరినీ లోలోపల వేధించే భయం ఇదే. అమెరికన్ మనస్తత్వవేత్త జాకబ్ కౌనిన్ తరగతి గదులను వీడియో తీసి పరిశీలించి 1970లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, సమర్థులైన ఉపాధ్యాయుల ప్రత్యేకత మందలించే తీరులో కనిపించలేదు. గది నలుమూలలా ఏం జరుగుతోందో ఎప్పటికప్పుడు గమనిస్తూ, ఆ సంగతి విద్యార్థులకు తెలిసేలా మెలగడంలో, అల్లరి ముదరకముందే పాఠాన్ని సాఫీగా నడిపించడంలో కనిపించింది. కాబట్టి గద్దించే గొంతు లేదని బెంగపడకండి. కోపం వచ్చినప్పుడు మాటను అదుపులో ఉంచుకోవడం మాత్రం తప్పనిసరి. తరగతి ముందు జరిగిన అవమానాన్ని పిల్లలు ఏళ్ల తరబడి మరచిపోరు.

సమయపాలన, పాఠాన్ని ముందుగా సిద్ధం చేసుకోవడం, నోటు పుస్తకాలు ఆలస్యం లేకుండా దిద్దడం, తల్లిదండ్రులతో మర్యాదగా, నిజాయితీగా మాట్లాడటం కూడా అవసరమే. ఇవి అభ్యాసంతో వస్తాయి. గొంతు సంగతి కూడా ముందే తెలుసుకోండి. ఇతర వృత్తులవారి కంటే ఉపాధ్యాయులలో స్వర సమస్యలు ఎక్కువ. అరవకుండా ఊపిరి బలంతో మాట్లాడటం, మధ్యమధ్యలో నీళ్లు తాగడం మొదటి నుంచే అలవాటు చేసుకోవాలి.

ఇక మీ జంకు విషయం. అందరూ తననే చూస్తున్నారన్న బెరుకు ఒక రకం. విద్యార్థులు పరిచయమవుతున్న కొద్దీ, పాఠంపై పట్టు పెరిగిన కొద్దీ అది తగ్గుతుంది. మనుషులతో మెలగడమే భారంగా, చిరాకుగా అనిపించడం మరో రకం. అది ఉంటే నిర్ణయానికి ముందు మరికొంత ఆలోచించాలి. మీది ఏ రకమో ఊహతో తేల్చుకోకండి. తెలిసినవారి పిల్లలు ముగ్గురు నలుగురికి నెల రోజులపాటు, వారానికి రెండుసార్లు, ఏదైనా ఒక అధ్యాయం నేర్పి చూడండి. మొదటి రెండు నిమిషాలు ఏం చెప్పాలో కాగితంపై పూర్తి వాక్యాలుగా రాసుకుని వెళ్లండి, ఎందుకంటే బెరుకు ఎక్కువగా ఉండేది అక్కడే. వారి అనుమతితో ఫోన్‌లో రికార్డు చేసి, మీరు ఎంతసేపు మాట్లాడారో, వారికి ఎంతసేపు అవకాశం ఇచ్చారో విని చూసుకోండి. పాఠం చెప్పిన ప్రతి రోజూ ఒక విద్యార్థి చేసిన తప్పును, దానికి అతడు చెప్పిన కారణాన్ని, అప్పుడు మీకు ఏమనిపించిందో ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టుకోండి.

నెల గడిచాక ఆ పుస్తకం తిరగేయండి. ఒకే సందేహాన్ని నాలుగోసారి విన్నప్పుడు మీకు విసుగే కలిగిందా, లేక కొత్త దారి వెతకాలనిపించిందా అన్నది అందులో కనబడుతుంది. రెండోదే ఎక్కువగా ఉంటే, జంకు కారణంగా ఈ వృత్తిని వదులుకోవద్దు, ఉపాధ్యాయ శిక్షణకు దరఖాస్తు చేయండి. పిల్లల తప్పులపై ఆసక్తి నిలిచి ఉండి, గుంపు ముందు నిలబడటం మాత్రం అప్పటికీ భారంగానే తోస్తే, ఒక్కొక్కరికి విడిగా నేర్పే ట్యూషన్, పాఠ్యపుస్తకాల రచన, ప్రశ్నపత్రాల రూపకల్పన వంటి పనుల వైపు చూడవచ్చు. అక్కడ కూడా మీ ఆ నోటు పుస్తకమే ముందుగా పనికొస్తుంది.