గొడుగు వేసుకుంటే వాన పడిందా?

ప్రశ్న: మా బాబుకు ఐదేళ్లు, యూకేజీ చదువుతున్నాడు. బొమ్మలు చూసి ఏది కారణమో, ఏది ఫలితమో చెప్పమని బడిలో అడిగితే ‘గొడుగు వేసుకున్నారు కాబట్టి వాన పడింది’ అన్నాడట. వాడికి ఈ సంగతి ఇంట్లో ఎలా నేర్పాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వాన వస్తేనే గొడుగు తీస్తారని మీ బాబుకు తెలియకపోదు, తెలిసిన రెండు సంగతులను ఒకే వాక్యంలో కలపబోయి తారుమారు చేసి ఉంటాడు. చిన్నపిల్లల మాటల్లో కనిపించే ఈ తారుమారును స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాఁ పియాజే 1920లలోనే గమనించి, ఆ వయసువారికి కార్యకారణ సంబంధం సరిగా పట్టుబడదని భావించారు. అయితే 1979లో మనస్తత్వవేత్తలు మెర్రీ బులక్, రోషెల్ గెల్మన్ పిల్లలు మాటల్లో చెప్పేదాని కంటే వేలితో చూపించేదాన్నే నమ్ముకుని పరీక్షించారు. పెట్టెలోకి ఒక చిన్న బంతి వదిలాక లోపలి బొమ్మ పైకి ఎగిరేది, ఆ తరువాత రెండో బంతి వదిలేవారు. బొమ్మను లేపింది ఏ బంతి అంటే మూడేళ్ల పిల్లల్లో సైతం ఎక్కువమంది మొదటిదాన్నే చూపించారు.

అందువల్ల వర్క్‌షీట్ పక్కనపెట్టి, బాబు చేతికే పని ఇవ్వండి. ఒకే రకం రుమాళ్లు రెండు తడిపించి, ఒకటి ఎండలో, ఒకటి నీడలో ఆరేయించండి. ఏది ముందు ఆరుతుందో ముందుగానే అడగండి, కానీ జవాబు తప్పైనా అప్పుడే సరిదిద్దకండి. ఇది కుదిరాక పాలు తోడు పెట్టించవచ్చు. ఒకే గిన్నెలో కాచిన పాలను గోరువెచ్చగా ఉన్నప్పుడే రెండు గ్లాసుల్లో పోసి, ఒకదానిలో మాత్రమే వాడి చేత అర చెంచా పెరుగు వేయించండి. కొన్ని గంటల తరువాత గ్లాసులు కొంచెం వంచి చూస్తే ఒకదానిలో పెరుగు కదలదు, రెండోదానిలో పాలు అంచుదాకా జారుతాయి. రెండింటికీ తేడా ఆ అర చెంచా ఒక్కటే కావాలి. ఒక గ్లాసులో పాలు వేడిగా, మరోదానిలో చల్లగా ఉంటే దేనివల్ల ఏం జరిగిందో పెద్దవాళ్లమే చెప్పలేం. ఎండాకాలమైతే రాత్రంతా ఉంచకండి, తోడు వేయని పాలూ విరిగి, మీరు చూపబోయిన తేడా కాస్తా పోతుంది.

రుమాళ్ల పని చేసిన పిల్లవాడికి ఏడు చేపల కథలో గడ్డిమోపు అడ్డమొస్తే చేప ఎందుకు ఎండలేదో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ కథ ఫలితం దగ్గర మొదలై వెనక్కి, చీమ దాకా నడుస్తుంది. అది బాగా నోటికి వచ్చాక ‘చీమ కుట్టింది, అప్పుడేమైంది?’ అంటూ ముందుకు చెప్పించండి. మొదట్లో రెండు మూడు అంచెలు చాలు.

మరొక్క మాట. జ్వరమొస్తే ‘చెప్పిన మాట వినలేదు, అందుకే వచ్చింది’ అని ఇళ్లలో అలవాటుగా అనేస్తుంటారు. ఈ వయసు పిల్లల్లో కొందరు జబ్బును నిజంగానే శిక్ష అనుకుంటారు కనుక, ఆ మాట తాతయ్య, నానమ్మలతో సహా ఎవరినీ అననివ్వకండి.